నెత్తురు ఇచ్చేది మనం, కబురు ఎవరికి?

ఒక్క చుక్క నెత్తురు తీసి దాని మీద కాంతి పడేస్తే క్యాన్సర్ ఉందో లేదో తెలిసిపోతుందన్న వార్తలు నాలుగైదేళ్లుగా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. చదివిన మన కార్యకర్తలు కొందరు ఆశగా, మరికొందరు అనుమానంగా అడుగుతున్నారు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి పల్లెల్లో పనిచేసేవాళ్లకు ఈ ప్రశ్న వేరేవాళ్లకంటే ముందు ఎదురవుతుంది. 2022లో ఈ నేలలో కొంత పల్నాడు, బాపట్ల జిల్లాల్లోకి వెళ్లింది కానీ చేలు అవే, కూలీలు వాళ్లే. మందు కొట్టిన చేలో ఒంగి కలుపు తీసే స్త్రీ, మిర్చి కల్లంలో తాలుకాయ ఏరే స్త్రీ, శీతల గిడ్డంగి దగ్గర కూర్చుని తొడిమలు తీసే స్త్రీ, పొగాకు గ్రేడింగులో రోజంతా ఆ ఘాటు పీల్చే స్త్రీ - కొత్త పరీక్షను పరీక్షించి చూడాలనుకునేవాళ్లకు ఇంతకంటే అనువైన మనుషులు దొరకరు. అందుకే ఆ పరీక్ష మన ఊళ్లోకి రాకముందే దాని గురించి మాట్లాడుకోవాలి.

ముందు అసలు సంగతేమిటో చూద్దాం. మన ఒంట్లోని ప్రతి కణమూ అతి చిన్న తిత్తుల్లాంటి రేణువులను రక్తంలోకి, ఉమ్మిలోకి, మూత్రంలోకి వదులుతూ ఉంటుంది. తలవెంట్రుక మందం 80,000 నానోమీటర్ల దాకా ఉంటే వీటిది 30 నుంచి 150 మాత్రమే. వీటిని 1983లో వెలుగులోకి తెచ్చినవాళ్లలో ఒకరు స్త్రీ. పోలండ్‌లో పుట్టి కెనడాలో స్థిరపడిన రోజ్ జాన్‌స్టోన్, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో గొర్రె నెత్తురులో ఎర్రకణాలు ఎలా పక్వానికి వస్తాయో గమనిస్తూ వీటిని చూసింది. 1987లో ఎక్సోసోమ్‌లని పేరు పెట్టింది. అదే కాలంలో అమెరికాలో ఇంకో బృందమూ వీటిని చూసింది. అయితే చాలా ఏళ్లు శాస్త్రజ్ఞులు వీటిని కణం ఊడ్చి పారేసిన చెత్తగానే లెక్కేశారు. ఇంటి ముందు పోసిన చెత్త చూసి ఆ ఇంట్లో ఆ పూట ఏం వండుకున్నారో చెప్పవచ్చని స్త్రీలకు ఎవరూ నేర్పనక్కర్లేదు! తల్లికణంలో ఉన్న మాంసకృత్తులు, కొవ్వులు, జన్యు సమాచారం తాలూకు ముక్కలు ఈ తిత్తుల్లో ఉంటాయి. క్యాన్సర్ కణం వదిలిన తిత్తిలో ఆ కణం గుర్తులు ఉంటాయి. గడ్డ చేతికి తగలకముందే, నొప్పి మొదలవకముందే ఆ తిత్తులు నెత్తురులో తిరుగుతుంటాయి. వాటిని పట్టుకోగలిగితే జబ్బును మొదట్లోనే పట్టుకున్నట్టే.

పట్టుకునే సాధనం కాంతి. ఒక పదార్థం మీద ఒకే రంగు కాంతి వేస్తే, చెదిరి వచ్చే కాంతిలో చాలా చిన్న భాగం రంగు మారి వస్తుందనీ, ఆ మార్పు చూసి ఆ పదార్థంలో ఏ అణువులున్నాయో చెప్పవచ్చనీ 1928లో సి.వి. రామన్ చూపించాడు. ఆయన చిన్నప్పుడు చదువుకున్నది విశాఖపట్నంలో, తండ్రి అక్కడి ఏ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. రంగు మారే కాంతి కోటి పాళ్లలో ఒక పాలు మాత్రమే కాబట్టి దాన్ని చదవటం కష్టం. వెండి, బంగారం నలుసులు అద్దిన పలక మీద ఆ రేణువులను పెడితే ఆ మసక వెలుగు ఎన్నో రెట్లు పెరుగుతుందని 1970లలో తేలింది. ఇప్పుడు ఆ గీతలను కంప్యూటర్‌కిచ్చి, క్యాన్సర్ ఉన్నవాళ్ల గీతలకూ లేనివాళ్ల గీతలకూ తేడా నేర్పిస్తున్నారు. మన దేశంలోనూ ఈ దారిలో పని జరిగింది. నవీ ముంబయిలో టాటా వారి ఆక్ట్రెక్ సంస్థలో చిలకపాటి మురళీకృష్ణ ప్రయోగశాల నోటి క్యాన్సర్‌ను, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను రామన్ కాంతితో గుర్తించే పద్ధతుల మీద ఏళ్ల తరబడి కృషి చేసింది.

ఎక్సోసోమ్‌ల మీద పేరు మోసిన ఫలితం దక్షిణ కొరియా నుంచి 2023లో వచ్చింది. ఊపిరితిత్తులు, రొమ్ము, పెద్దపేగు, కాలేయం, క్లోమం, జీర్ణాశయం - ఈ ఆరు క్యాన్సర్లను ఒకే పరీక్షతో పట్టే ప్రయత్నం అది. 520 నమూనాల మీద చూస్తే క్యాన్సర్ ఉన్నవాళ్లలో 90.2 శాతం మందిని గుర్తించింది. లేనివాళ్లలో 94.4 శాతం మందికి లేదనే చెప్పింది. ఏ అవయవానికి వచ్చిందో చెప్పగలిగింది మాత్రం ఉందని తేలినవాళ్లలో 72 శాతం మందికే. మన స్త్రీలను ఎక్కువగా తినేస్తున్న గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, పొగాకు ప్రాంతాల్లో కనిపించే నోటి క్యాన్సర్ ఆ ఆరింటిలో లేవు. ఈ సంగతి వార్తల శీర్షికల్లో కనబడదు.

అయినా అవి మంచి అంకెలే. కాకపోతే అవి జబ్బు ఉందని ముందే తేలినవాళ్లనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లనూ పక్కపక్కన పెట్టి చూసిన అంకెలు. అదే పరీక్షను మన పల్లెలకు తెస్తే ఏమవుతుందో ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక మండలంలో పదివేల మంది స్త్రీల దగ్గర నెత్తురు తీశారనుకోండి. వాళ్లలో 20 మందికి ఆ క్యాన్సర్లలో ఏదో ఒకటి ఉందనుకోండి. పరీక్ష 18 మందిని పట్టుకుంటుంది, ఇద్దరిని వదిలేస్తుంది. మిగిలిన 9,980 మంది ఆరోగ్యవంతుల్లో 5.6 శాతం మందికి, అంటే దాదాపు 559 మందికి, లేని క్యాన్సర్‌ను ఉందంటుంది. మొత్తం 577 మందికి 'అనుమానం ఉంది' అని కాగితం వస్తే నిజంగా జబ్బున్నది 18 మందికి. ముప్పై రెండు మందిలో ఒకరికి! యంత్రం తప్పు చేసిందని దీనర్థం కాదు. అరుదైన జబ్బును వేలమందిలో వెతికితే ఎంత గొప్ప పరీక్షకైనా ఈ లెక్క తప్పదు. ఆ కాగితం అందుకున్న మిగతా 559 మంది గతేమిటన్నదే మన ప్రశ్న.

ఆ గతేమిటో మనకు అనుభవమే. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ముప్పై ఏళ్లు దాటిన పదిమంది స్త్రీలను కూర్చోబెట్టి అడిగితే, 'తెల్లబట్టవుతుంటే చూపించుకున్నా, పుండు ఉంది, ఉంచితే క్యాన్సర్ అవుద్దన్నారు, తీయించేసుకున్నా' అనే మాట వినకుండా తిరిగి రాలేం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అప్పట్లో రాష్ట్రాలన్నిటిలో మనదే పైస్థానం. తెలంగాణది ఆ తర్వాతి స్థానం. మెదక్ జిల్లాలో డాక్టర్లు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ తమ లైఫ్ హెచ్.ఆర్.జి. సంస్థ తరఫున ఇలాంటి అక్కర్లేని ఆపరేషన్ల గురించి ఏళ్ల తరబడి సమాచారం కూడగట్టి నోరు విప్పారు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్లను అదుపు చేసే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని ఆదేశించవలసి వచ్చింది.

ఈ ఆపరేషన్లలో చాలావాటికి పెట్టుబడి క్యాన్సర్ భయం. పాప్ స్మియర్ లేదు, ముక్క పరీక్ష లేదు. 'అవుద్ది' అన్న ఒక్క మాట చాలింది. ఎకరం కౌలుకు తెచ్చిన అప్పు మీద ఇంకో అప్పు చేసి స్త్రీ ఆపరేషన్ బల్ల ఎక్కింది. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్లకే ఒళ్లు ఆవిర్లు, ఎముకల నొప్పులు మొదలై మిర్చి కోతకు వంగలేని స్థితి వస్తుంది. ఒక్క నోటిమాటకే ఇంత జరిగిన చోట, యంత్రం ఇచ్చిన కాగితం మీద 'అనుమానం' అని అచ్చయి ఉంటే ఏమవుతుంది? రామన్ కాంతి చూపింది కాబట్టి కోయాల్సిందేనని చెప్పడానికి ఆసుపత్రి బయట దళారులు సిద్ధంగా ఉంటారు. ముందస్తు పరీక్షను మనం కాదనటం లేదు. దానితోపాటు రావలసిన రెండో పరీక్ష, మూడో పరీక్ష ఏ ఊళ్లో, ఎవరి ఖర్చుతో జరుగుతాయో రాసి ఇవ్వకుండా మొదటిదాన్ని ఊళ్లోకి రానివ్వకూడదు.

దీనికి అవతలి వైపు కూడా ఉంది. జబ్బు ఉందని తెలిసీ చూస్తూ ఊరుకోవటం. ఢిల్లీలో భారత వైద్య పరిశోధన మండలి కింద అప్పట్లో నడిచిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైటాలజీ అండ్ ప్రివెంటివ్ ఆంకాలజీ 1976 నుంచి 1988 దాకా ఒక అధ్యయనం చేసింది. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు ఉన్న 1,158 మంది స్త్రీలను చికిత్స చేయకుండా, ఆ మార్పులు ఎలా ముదురుతాయో చూస్తూ పోయారు. కొందరికి క్యాన్సర్ వచ్చింది. ఇది 1997లో బయటపడినప్పుడు, ఆ స్త్రీల దగ్గర నోటిమాటగా అనుమతి తీసుకున్నామన్నదే జవాబు. వాళ్లను ఎవరూ బలవంతంగా లాక్కురాలేదు. డాక్టరమ్మ పిలిస్తే వచ్చారు, చూపించుకున్నారు, ఇంటికెళ్లారు. డాక్టర్లకు తెలిసింది తమకు తెలియలేదంతే.

తర్వాతి కాలంలో మహారాష్ట్రలో జరిగిన రెండు పెద్ద అధ్యయనాలను దీనితో ఒకే గాటన కట్టలేం. వాటివల్ల లోకానికి మేలు జరిగింది. ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 1,31,000 మందికి పైగా స్త్రీలతో జరిగిన అధ్యయనంలో, ఒక్కసారి చేసిన హెచ్.పి.వి. పరీక్ష ఈ క్యాన్సర్ చావులను దాదాపు సగానికి తగ్గించిందని 2009లో తేలింది. ముంబయి మురికివాడల్లో పదో తరగతి చదివిన ఆడపిల్లలకు శిక్షణనిచ్చి, రెండేళ్లకోసారి వెనిగర్‌తో పరీక్ష చేయిస్తే చావులు 31 శాతం తగ్గాయని 2013లో ప్రకటించారు. రెండు చోట్లా పోలిక కోసం పరీక్ష చేయకుండా ఉంచిన స్త్రీలు వేలల్లో ఉన్నారు. పరీక్ష పనిచేస్తుందని రుజువైంది వాళ్ల చావుల లెక్కతో. పైదేశాల్లో అప్పటికే దశాబ్దాలుగా పాప్ స్మియర్ మామూలైపోయింది. ఇక్కడ మామూలు పద్ధతి అంటే ఏ పరీక్షా లేకపోవటమే కాబట్టి ఏ పరీక్షా లేనివాళ్లతో పోల్చటం న్యాయమేనని పరిశోధకులు వాదించారు. పేదరికాన్ని కొలబద్దగా తీసుకునే ఆ తర్కం ఎక్సోసోమ్ పరీక్షతోనూ వస్తుంది. అది వచ్చిననాడు పోలిక గుంపులో పడిన పల్లె స్త్రీకి కనీసం వెనిగర్ పరీక్షయినా చేశారా అని అడగాల్సింది మనమే.

అనుమతి గురించి మన తెలుగు నేల మీద జరిగినవి కొత్తగా చెప్పనక్కర్లేదు. 1985లో పటాన్‌చెరు ఆరోగ్యకేంద్రంలో నెట్-ఎన్ సూదిమందు ఇవ్వబోతే స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికెళ్లి నిలదీశారు. అది ప్రయోగమని అక్కడికొచ్చిన స్త్రీలకు తెలియదు. మరుసటేడు సహేలీ, చింగారీలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 14,000 మంది ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేసినప్పుడు హాస్టళ్లలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారు. టీకా మంచిదే, ఈ క్యాన్సర్‌ను ఆపగలిగిన టీకా అది. కానీ 2010లో ఆ పథకం ఆగింది, 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఒక మంచి టీకా మీద గిరిజన పల్లెల నమ్మకాన్ని పాడుచేసింది అనుమతి పత్రం మీద పడిన ఆ వార్డెన్ సంతకమే.

ఎక్సోసోమ్ పరీక్షలో అనుమతి ఇంకా చిక్కు. సూదిమందయితే ఒంట్లోకి వెళ్తుంది, తేడా వస్తే తెలుస్తుంది. ఇక్కడ నెత్తురు బయటికి వెళ్తుంది, ఏళ్ల తరబడి గడ్డకట్టిన పెట్టెల్లో ఉంటుంది, రేపు ఇంకో కంపెనీ ఇంకో ప్రశ్నకు దాన్ని వాడుకోవచ్చు. ఆ నెత్తురుతో చదువు నేర్చిన కంప్యూటర్ కోట్లకు అమ్ముడుపోవచ్చు. దాచిన నమూనాల వాడకానికి అనుమతి ఎలా ఉండాలో, మనసు మార్చుకుంటే ఎలా వెనక్కి తీసుకోవచ్చో 2017 నాటి వైద్య పరిశోధన మండలి నైతిక మార్గదర్శకాల్లో ఉంది. వేలిముద్ర వేసే స్త్రీకి దాన్ని తెలుగులో, ఆమెకు అర్థమయ్యే తెలుగులో, చదివి వినిపించేవాళ్లు కావాలి.

ఇక మన పొలాల సంగతి. నెత్తురు పరీక్షకూ పత్తి చేనుకూ సంబంధం పాతదే. ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్ర పరిశోధకులు 1980ల చివర పత్తి చేలలో మందు కొట్టేవాళ్ల నెత్తురు తీసి, వాళ్ల కణాల్లో క్రోమోజోములు దెబ్బతిన్నట్టు చూపించారు. తెల్లదోమ పత్తిని తినేసి, మందుల అప్పులతో ప్రకాశం, గుంటూరు రైతులు ఉసురు తీసుకున్న కాలం అది. 1991లో అదే బృందం, భర్తలు మందు కొట్టే 1,016 జంటలను అలాంటి పని లేని 1,020 జంటలతో పోల్చింది. మందు కొట్టేవాళ్ల ఇళ్లలో గర్భస్రావాలు, చనిపోయి పుట్టిన బిడ్డలు ఎక్కువ. చాలా విలువైన పని, కాదనం. అయితే అందులో మందుకు గురైనవాడిగా లెక్కకొచ్చింది మగవాడే. స్త్రీ కడుపు లెక్కకొచ్చింది కానీ ఆమె చేతులు రాలేదు. బిందెలతో నీళ్లు మోసి డ్రమ్ములో మందు కలిపిందెవరు? తైవాన్ పంపు నింపిందెవరు? ఆ చేలో మర్నాడే కలుపు తీసిందెవరు? ఆ బట్టలుతికిందెవరు?

ఆ చేతుల లెక్క తర్వాత ఇంకొకరు తీశారు. 2003లో ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పత్తి గ్రామాల్లో ఫ్రాంచెస్కా మాన్చీనీ బృందం 50 మంది స్త్రీల చేతే సీజనంతా తమకూ తమ ఇంటి మగవాళ్లకూ మందు వల్ల ఏమయిందో నమోదు చేయించింది. 323 సందర్భాలు నమోదయితే 83.6 శాతంలో విషప్రభావం లక్షణాలు కనిపించాయి. సరిగ్గా అడిగితే యంత్రం లేకుండానే ఇన్ని విషయాలు తెలుస్తాయి. మలాథియాన్, డయజినాన్ మందులు బహుశా క్యాన్సర్ కారకాలని 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. 2021-22లో నల్లతామర పురుగు మిర్చిని నాశనం చేసినప్పుడు ఏది దొరికితే అది, రెండు మూడు కలిపి, రోజు విడిచి రోజు కొట్టినవాళ్లున్నారు. నెత్తురులోని తిత్తుల్ని కాంతితో చదివే విద్య ఈ స్త్రీల ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పగలిగేటట్టయితే మనం దాన్ని తప్పకుండా కోరుకోవాలి. ఆ కబురు ముందు ఆమెకు, తర్వాత ఆ మందు అమ్మకాన్ని అదుపు చేయవలసిన వ్యవసాయ శాఖకు చేరాలి. పరిశోధన పత్రిక వంతు ఆ తర్వాతే.

ఈలోగా, ఇవాళే చేతిలో ఉన్న వెలుగు సంగతి చూడండి. మూడు నుంచి ఐదు శాతం వెనిగర్ ద్రావకం దూదితో అద్ది, నిమిషం ఆగి, మంచి దీపం వెలుగులో చూస్తే గర్భాశయ ముఖద్వారం మీద అనుమానపు మచ్చ తెల్లగా కనిపిస్తుంది. 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలందరికీ ఐదేళ్లకోసారి ఈ పరీక్ష, దాంతోపాటు రొమ్ము, నోటి పరీక్ష చేయాలని కేంద్రం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 సర్వే నాటికి దేశంలో 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవాళ్లు 1.9 శాతం, రొమ్ము పరీక్ష 0.9 శాతం. కాంతి కొరత కాదిది. పరదా కట్టిన గది లేదు. పరీక్ష చేసే ఆడ డాక్టరో నర్సో ఉండరు. పరీక్ష పెట్టే రోజు కోతల రోజు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కోతల్లో ఒక్కరోజు మానితే ఆ రోజు కూలీ పోవటమే కాదు, ముఠాలోంచే పేరు పోవచ్చు. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ విభాగం 2020లో మొదలైంది. మంచి సౌకర్యమే. వినుకొండ నుంచో దర్శి నుంచో అక్కడికి రావటానికి బస్సు చార్జీ, తోడు మనిషి, ఇంటి దగ్గర వంట, ఆ రోజు కూలీ - ఈ నాలుగూ కలిపితేనే ఆ స్త్రీకి ఆసుపత్రి ఎంత దూరమో తెలుస్తుంది.

కాబట్టి రేపు ఏ విశ్వవిద్యాలయమైనా, ఏ కంపెనీ అయినా, ఏ స్వచ్ఛంద సంస్థ అయినా - మనలో కొందరి సంస్థలనే ముందుపెట్టి రావచ్చు కూడా - నెత్తురు తీసే శిబిరానికి మన సంఘాల సాయం అడిగితే, ఒప్పుకోకముందు కాగితం మీద రాయించుకోవలసినవి ఉన్నాయి. ఫలితం ఆమెకు ఎన్ని రోజుల్లో, ఎవరి నోటి ద్వారా చెబుతారు? భర్తకో సర్పంచికో ముందు చెప్పబోమని హామీ ఉందా? అనుమానం అన్నవాళ్లందరికీ ముక్క పరీక్ష దాకా ఖర్చు, ప్రయాణం, పోయిన కూలీ ఎవరు భరిస్తారు? ముక్క పరీక్ష కాగితం లేకుండా గర్భసంచి ఆపరేషన్ జరగదని జిల్లా వైద్యాధికారి చేత రాయిస్తారా? మిగిలిన నెత్తురు ఏం చేస్తారు? వీటికి జవాబు దొరకని శిబిరానికి స్త్రీలను పోగుచేసి తీసుకెళ్లటం మన పని కాదు. ప్రతిఫలంగా టిఫిన్ డబ్బా ఇస్తారన్నా సరే.

అంతకుముందు చేయగలిగిన పని ఒకటుంది. మీ మండలంలో కిందటేడు వెనిగర్ పరీక్ష ఎంతమందికి చేశారు, ఎంతమందికి మచ్చ కనిపించింది, వాళ్లలో ఎంతమంది గుంటూరుకో ఒంగోలుకో వెళ్లారు, వెళ్లినవాళ్లలో ఎంతమందికి చికిత్స అందింది - ఈ నాలుగు అంకెలు ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఏ.ఎన్.ఎం.ను, ఆశా కార్యకర్తను నిందించకండి. వాళ్ల మీద ఇప్పటికే మోయలేనంత పని ఉంది, చాలాసార్లు ఈ అంకెలు బయటపెట్టాలని వాళ్లకే ఎక్కువ ఉంటుంది. మిర్చి కోతలు మొదలయ్యేలోగా వివరాలు మాకు పంపితే మండలాల వారీగా పట్టిక వేసి తర్వాతి సంచికలో ప్రచురిస్తాం.